ఆకాశహర్మ్యాల లెక్క మార్చిన ఢాకా ఇంజినీర్ ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్

హజ్‌కు వెళ్లి జిద్దాలో విమానం దిగిన మన హాజీలు తిరిగొచ్చాక చెప్పే ముచ్చట్లలో ఆ తెల్లటి గుడారాల మాట తప్పకుండా వస్తుంది. నెత్తిమీద ఎంతో ఎత్తున గుడ్డ కప్పు, చుట్టూ గోడలు లేవు, అయినా ఎండ బాధ తెలియదు, గాలి ఆడుతూనే ఉంటుంది. హైదరాబాద్, కర్నూలు, గుంటూరు, విజయవాడ నుంచి వెళ్లిన ఎందరో ఆ నీడలోనే సామాన్లు పక్కన పెట్టుకుని బస్సుల కోసం ఎదురుచూశారు. ఆ నీడ వెనుక ఉన్న మనిషి పేరు మాత్రం మన ఇళ్లలో పెద్దగా వినపడదు.

ఆయన పేరు ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్. పుట్టింది ఢాకాలో, పేరు తెచ్చుకున్నది అమెరికాలోని షికాగోలో. దాదాపు పాతికేళ్లు ప్రపంచంలోనే ఎత్తైన భవనంగా నిలిచిన సియర్స్ టవర్‌కు అస్థిపంజరం గీసింది ఆయనే. పగలు ఆఫీసులో ఇంజినీర్‌గా పని చేస్తూ, మరోవైపు ఆర్కిటెక్చర్ విద్యార్థులకు ప్రొఫెసర్‌గా పాఠం చెప్పేవారు. కంప్యూటర్ అంటే చాలామంది ఇంజినీర్లు ఇంకా అనుమానంగా చూస్తున్న కాలంలో దాన్ని భవనాల లెక్కల్లోకి తెచ్చినవారిలో ఆయనొకరు. 52 ఏళ్లకే కన్నుమూశారు. ఆ కొద్ది కాలంలోనే ఎత్తైన కట్టడాల పద్ధతి మొత్తాన్నీ తిరగరాశారంటే అతిశయోక్తి కాదు.

1929 ఏప్రిల్ 3న పుట్టారు. వంశం సొంతూరు ఇప్పటి బంగ్లాదేశ్‌లోని మదారీపూర్ ప్రాంతంలో భండారికాంది అనే పల్లె. తండ్రి అబ్దుర్ రహ్మాన్ ఖాన్ లెక్కల మాస్టారు, లెక్కల పాఠ్యపుస్తకాలు రాసిన మనిషి. బెంగాల్ విద్యాశాఖలో పెద్ద ఉద్యోగం దాకా ఎదిగారు, ఖాన్ బహదూర్ బిరుదు పొందారు, ఆ తర్వాత ఢాకాలోని జగన్నాథ్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా పని చేశారు. తల్లి ఖదీజా ఖాతూన్. ఇంట్లో చదువంటే ప్రాణం. లెక్కను బట్టీ పట్టడం కాకుండా విడదీసి చూడడం కుర్రవాడికి తండ్రి దగ్గరే అలవాటైంది. అర్మానీటోలా ప్రభుత్వ హైస్కూల్లో చదువు ముగించి, హుగ్లీ నది ఒడ్డున కలకత్తాకు అవతలివైపు ఉన్న శిబ్‌పూర్ బెంగాల్ ఇంజినీరింగ్ కాలేజీలో చేరారు.

అక్కడ చదువుతుండగానే 1947 వచ్చింది. ఇల్లున్న ఢాకా ఒక దేశంలో, కాలేజీ ఉన్న కలకత్తా మరో దేశంలో పడ్డాయి. ఎలాగో చదువు సాగించారు కానీ, 1950లో మతకల్లోలాలు చెలరేగడంతో చివరి దశలో ఢాకాకు తిరిగి రావాల్సి వచ్చింది. ఆ తరంలో ఎంతోమంది కుర్రవాళ్ల చదువు ఇలాగే మధ్యలో తెగిపోయింది, మళ్లీ అతకలేదు. ఖాన్ అదృష్టం బాగుంది. ఢాకాలోని అహసానుల్లా ఇంజినీరింగ్ కాలేజీలో డిగ్రీ పూర్తి చేసుకునే వీలు దొరికింది. ఫస్ట్ క్లాసులో మొదటి స్థానం సాధించారు. ఇప్పటి బంగ్లాదేశ్ ఇంజినీరింగ్ యూనివర్సిటీకి ఆ కాలేజీయే మూలం. కొంతకాలం హైవే శాఖలో పని చేసి, చదివిన కాలేజీలోనే పాఠాలు కూడా చెప్పారు. అంటే పెద్ద భవనం ఒక్కటీ కట్టకముందే ఆయన మాస్టారయ్యారన్నమాట.

1952లో రెండు స్కాలర్‌షిప్పులు ఒకేసారి చేతికొచ్చాయి. ఒకటి అమెరికావారి ఫుల్‌బ్రైట్, రెండోది పాకిస్తాన్ ప్రభుత్వానిది. వాటితో ఇల్లినాయిస్ యూనివర్సిటీకి వెళ్లారు. మూడేళ్లలో రెండు మాస్టర్స్ డిగ్రీలు, ఒక పీహెచ్‌డీ పూర్తి చేశారు. మాస్టర్స్‌లో ఒకటి స్ట్రక్చరల్ ఇంజినీరింగ్, రెండోది మెకానిక్స్. వేరేవాళ్లకు ఒక్క పీహెచ్‌డీకే అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. 1955లో షికాగోలోని స్కిడ్‌మోర్, ఓవింగ్స్ అండ్ మెరిల్ అనే పేరుమోసిన సంస్థలో ఇంజినీర్‌గా చేరారు. పొడుగు పేరు కాబట్టి అందరూ ఎస్‌ఓఎం అంటారు. ఆర్కిటెక్టులు, ఇంజినీర్లు ఒకే కప్పు కింద కూర్చుని పని చేసే చోటు అది. ఖాన్‌కు తర్వాత కలిసొచ్చింది అదే.

స్కాలర్‌షిప్ ఇచ్చిన దేశానికి సేవ చేయాలి కాబట్టి 1957లో పాకిస్తాన్ తిరిగి వెళ్లారు. కరాచీ డెవలప్‌మెంట్ అథారిటీలో ఉద్యోగం. హోదా పెద్దదే, కానీ పనంతా ఫైళ్లు, సంతకాలు, పరిపాలన. డిజైన్ చేసే అవకాశమే లేదు. పీహెచ్‌డీ చేసిన చేయి నోట్ ఫైళ్ల మీద అరిగిపోతుంటే ఎంతకాలం భరిస్తారు? 1960లో మళ్లీ షికాగో చేరి పాత సంస్థలోనే కొనసాగారు. మన దేశాల నుంచి తెలివైనవాళ్లు ఎందుకు వెళ్లిపోతారని అడిగేవాళ్లకు ఈ మూడేళ్లే ఒక జవాబు. ఖాన్ డబ్బు కోసం వెళ్లలేదు, పని కోసం వెళ్లారు.

ఆయన ఏం కనిపెట్టారో అర్థం కావాలంటే ముందు ఎత్తైన భవనానికి అసలు శత్రువు ఎవరో తెలియాలి. చాలామంది బరువే అనుకుంటారు. బరువు సంగతి సులువు, కింది అంతస్తుల్లో పిల్లర్లు లావు చేస్తే సరిపోతుంది. ఇబ్బంది పెట్టేది గాలి. భవనం ఎత్తు రెట్టింపయితే దాన్ని పునాది దగ్గర వంచే గాలి బలం నాలుగు రెట్లకు పైనే అవుతుంది. పైకి పోయేకొద్దీ గాలి వేగం కూడా పెరుగుతుంది మరి. పాత పద్ధతిలో భవనమంటే పిల్లర్లు, బీములు కలిపిన చట్రం. లోపల గది గదికీ పిల్లర్లు, వాటిని కలుపుతూ దూలాలు. నాలుగు కాళ్ల బల్లను పక్కనుంచి తోస్తే ఎలా ఊగుతుందో అదీ అలాగే ఊగుతుంది. ఊగకుండా ఉండాలంటే ఉక్కు గుమ్మరిస్తూ పోవాలి. 20 అంతస్తులు దాటిన దగ్గర్నుంచి బరువు మోయడానికి కాక, కేవలం గాలిని తట్టుకోవడానికి పెట్టే ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే 1931లో ఎంపైర్ స్టేట్ కట్టాక 30 ఏళ్లకు పైగా దాన్ని మించే సాహసం ఎవరూ చేయలేదు.

ఖాన్ ఆలోచన వినడానికి చాలా చిన్నది. పిల్లర్లను లోపల చెదరగొట్టడం ఎందుకు? అన్నింటినీ బయటి గోడ వరుసలోకి తెచ్చి దగ్గర దగ్గరగా నిలబెట్టి, బలమైన బీములతో కలిపేస్తే భవనం మొత్తం ఒక బోలు గొట్టంలా పని చేస్తుంది కదా. వెదురు బొంగును చూడండి. లోపల ఏమీ లేదు, అయినా అదే బరువున్న సన్నటి కర్ర కన్నా వంగకుండా నిలుస్తుంది. కారణం, దాని బలమంతా అంచుల్లో ఉంటుంది. వంపును ఆపాలంటే పదార్థం మధ్యలో కాదు, మధ్య నుంచి దూరంగా ఉండాలి. దీనికే ట్యూబ్ పద్ధతి అని పేరొచ్చింది. 1960లలో షికాగోలో కట్టిన 43 అంతస్తుల డివిట్ చెస్ట్‌నట్ అపార్ట్‌మెంట్లు దాని మొదటి సంతానం. బయటి వరుసలో ఐదున్నర అడుగులకో పిల్లర్. చూసేవాళ్లకు మామూలు అపార్ట్‌మెంటే. ఆ తర్వాత ప్రపంచంలో లేచిన మహా కట్టడాల్లో అత్యధికం ఈ ఆలోచన సంతతే.

ఇక్కడే ఆయన ప్రొఫెసర్ జీవితం గురించి చెప్పుకోవాలి. షికాగోలో ఇల్లినాయిస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఉంది. జర్మనీ నుంచి వచ్చిన మహా ఆర్కిటెక్ట్ మీస్ వాన్ డెర్ రో తీర్చిదిద్దిన ఆర్కిటెక్చర్ విభాగం అక్కడిది. ఎస్‌ఓఎంలో ఖాన్ సహచరుడు మైరన్ గోల్డ్‌స్మిత్ అక్కడ పాఠాలు చెప్పేవారు. ఖాన్ కూడా ఆయనతో కలిసి పార్ట్‌టైం ప్రొఫెసర్‌గా చేరారు. ఆర్కిటెక్చర్ విద్యార్థులకు ఒక ఇంజినీర్ గురువు కావడం అప్పట్లో అంత మామూలు విషయం కాదు. మాస్టర్స్ థీసిస్ చేసే పిల్లలకు ఆఫీసులో తమకు ఎదురయ్యే అసలు చిక్కులనే ఇచ్చేవారు. ఇంత ఎత్తు కట్టాలంటే ఏ ఆకారం, ఏ చట్రం, ఎంత ఉక్కు? విద్యార్థి ఏడాదిపాటు దాంతో కుస్తీ పట్టేవాడు, గురువులు పక్కన కూర్చుని దిద్దేవారు. ఆఫీసులో క్లయింట్ తొందరపెడుతుంటే ప్రయోగాలు చేయడం కుదరదు. కాలేజీలో ఆ బాధ లేదు. 1964లో ఒక జపాన్ విద్యార్థి ఈ ఇద్దరి దగ్గర చేసిన థీసిస్‌లో భవనం బయటివైపు పెద్ద పెద్ద ఏటవాలు కడ్డీలు గుణకారం గుర్తులా వేసి గాలిని ఆపే పద్ధతిని పరీక్షించారు. ఆ కాగితం మీది ఆలోచనే కొద్ది కాలంలో 100 అంతస్తుల కట్టడమై లేచింది. అదే జాన్ హాన్‌కాక్ సెంటర్. పాఠం చెప్పడం ఖాన్‌కు పక్క పని కాదు, ఆయన ప్రయోగశాల అదే.

కంప్యూటర్ సంగతి కూడా దీన్నుంచి విడదీయలేనిది. ఆయన పని మొదలుపెట్టిన రోజుల్లో ఇంజినీర్ చేతిలో ఉన్నది స్లయిడ్ రూలు, కాగితం, పెన్సిల్. చట్రంలో పిల్లరూ బీమూ కలిసే ప్రతి జాయింటు మూడు దిక్కుల్లో జరగగలదు, మూడు రకాలుగా తిరగగలదు. అంటే జాయింటుకు ఆరు తెలియని సంఖ్యలు. వంద అంతస్తుల భవనంలో ఇలాంటి జాయింట్లు వేలల్లో ఉంటాయి. అన్నీ ఒకదానిపై ఒకటి ఆధారపడ్డవే. చేత్తో ఛేదించడం మనిషి తరం కాదు. అందుకే పాత ఇంజినీర్లు కొంత లెక్క, కొంత అంచనా, మిగతాది అదనపు ఉక్కు అన్నట్టు నెట్టుకొచ్చేవారు.

ఖాన్ రెండు దారులూ పట్టారు. మొదటిది, కంప్యూటర్ లేనివాడికి కూడా పనికొచ్చే దారి. కాంక్రీటు గోడలు, పిల్లర్ల చట్రం రెండూ ఉన్న భవనంలో గాలి భారాన్ని ఎవరు ఎంత పంచుకుంటారన్నది అప్పటి పెద్ద చిక్కుముడి. జాన్ స్బరూనిస్‌తో కలిసి 1964లో అచ్చేసిన పరిశోధనా పత్రంలో దీనికి గ్రాఫులు తయారు చేసి ఇచ్చారు. ఏ ఊళ్లో ఇంజినీరయినా ఆ గ్రాఫులో తన భవనం కొలతలు చూసుకుని జవాబు తీసుకోవచ్చు. సంస్థ రహస్యంగా దాచుకుంటే డబ్బు వచ్చేదేమో. ఆయన దాచలేదు. జీవితకాలంలో 75కు పైగా పత్రాలు రాశారు. ఎన్ని అంతస్తులకు ఏ పద్ధతి లాభమో ఉక్కుకు ఒక పట్టిక, కాంక్రీటుకు ఒక పట్టిక గీసిపెట్టారు. ఇవాళ్టికీ ఇంజినీరింగ్ క్లాసుల్లో ఆ పట్టికలు చూపిస్తారు.

రెండో దారి కంప్యూటర్. గదంత ఉండే ఆ యంత్రాన్ని ఒక ఆర్కిటెక్చర్ సంస్థ సొంతంగా కొనడమంటే అప్పట్లో జూదమే. ఖాన్, ఆయన ఆర్కిటెక్ట్ మిత్రుడు బ్రూస్ గ్రహమ్ కలిసి తోటి భాగస్వాముల్ని ఒప్పించారు. కొన్నాక ఊరికే ఉంచలేదు. చట్రాల సమీకరణాలను దానికి అర్థమయ్యేలా ప్రోగ్రాములుగా రాయించారు, మెల్లగా డ్రాయింగుల వైపు కూడా మళ్లించారు. ఇప్పుడు ఏ చిన్న ఊళ్లోనైనా అపార్ట్‌మెంట్ ప్లాన్ కంప్యూటర్ మీదే తయారవుతోంది, ఎవరికీ వింతగా లేదు. ఆ రోజుల్లో అదొక తెగింపు. అయితే యంత్రం చెప్పిందల్లా నమ్మే మనిషి కాదాయన. లెక్కకు ముందే భవనం ఎలా ప్రవర్తిస్తుందో ఇంజినీర్‌కు మనసులో తెలిసి ఉండాలన్నది ఆయన పట్టుదల. డిజైన్ చేసేటప్పుడు తానే ఆ భవనమై నిలబడినట్టు, గాలి తన ఒంటిమీదే తోస్తున్నట్టు ఊహించుకునేవారట. కంప్యూటర్ జవాబు ఆ ఊహకు దగ్గరగా వస్తేనే ముందుకు పోయేవారు. నేటి ఇంజినీరింగ్ పిల్లలు సాఫ్ట్‌వేర్ బటన్ నొక్కి వచ్చిన జవాబును కళ్లు మూసుకుని ప్రింట్ తీసే తీరు చూస్తే ఈ ముక్క గట్టిగా చెప్పాలనిపిస్తుంది.

హాన్‌కాక్ సెంటర్ దగ్గర ఈ చదువంతా పరీక్షకు నిలిచింది. 344 మీటర్ల ఎత్తు, 100 అంతస్తులు. కింద దుకాణాలు, ఆఫీసులు, 44వ అంతస్తు నుంచి ఇళ్లు. కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఉంటుంది. బయటివైపు అంతస్తుల మీదుగా పాకే పెద్ద ఏటవాలు ఉక్కు కడ్డీలు. వాటివల్ల కొన్ని కిటికీలకు అడ్డం వస్తుందని, జనం అలాంటి ఇళ్లు తీసుకుంటారా అని అనుమానాలు వచ్చాయి. గ్రహమ్, ఖాన్ వెనక్కి తగ్గలేదు. ఎందుకో అంకెలే చెబుతాయి. ఎంపైర్ స్టేట్ కట్టడానికి చదరపు మీటరుకు సుమారు 206 కిలోల ఉక్కు పట్టింది. హాన్‌కాక్‌కు పట్టింది 145 కిలోలే.

ఉక్కు తగ్గించాం సరే, భవనం ఊగితే పై అంతస్తుల్లో కాపురం ఉండేవాళ్ల గతేమిటి? భవనం కూలకపోవచ్చు, కానీ రాత్రి పడుకుంటే మంచం కదులుతున్నట్టుంటే ఎవరుంటారు? మనిషికి ఎంత కదలిక తెలుస్తుందో అప్పటికి సరైన లెక్కలు లేవు. షికాగోలోని సైన్స్ మ్యూజియంలో వాషింగ్ మెషిన్ కంపెనీవాళ్లు పెట్టిన తిరిగే వేదిక ఒకటి ఖాన్ కంటపడింది. దానిమీద మనుషుల్ని నిలబెట్టి, కూర్చోబెట్టి, పడుకోబెట్టి, ఎంత మెల్లగా కదిలితే తెలియదో, ఎప్పటి నుంచి తెలుస్తుందో పరీక్షించారు. వంద అంతస్తుల భవనం సుఖం కాస్త వాషింగ్ మెషిన్ వేదిక మీద తేలిందన్నమాట! గొప్ప పరిశోధనకు గొప్ప పరికరమే కావాలని లేదు.

కట్టడం నల్లేరు మీద నడకలా ఏమీ సాగలేదు. సుమారు 20 అంతస్తులు లేచాక పునాది కుంగుతోందని కనిపెట్టారు. భూమి లోతుకు తవ్వి కాంక్రీటు నింపిన పునాది స్తంభాల్లో లోపం బయటపడింది. పని ఆపేసి స్తంభాలను పరీక్షించి, మరమ్మతు చేశాకే మళ్లీ మొదలుపెట్టారు. ఆ ఆలస్యం దెబ్బకు భవనం యజమాని అప్పుల్లో కూరుకుపోయారు, భవనం బీమా కంపెనీ చేతికి పోయింది. చట్రం లెక్కలో తప్పు లేకపోయినా, భూమిలో జరిగిన పొరపాటు మొత్తాన్నీ ఆపగలదు. 1969కి అది నిలబడింది. ఇవాళ షికాగో ఫొటో అంటే ఆ నల్లటి కట్టడం లేకుండా ఉండదు.

ఆ మధ్యలోనే 1966లో ఖాన్ సంస్థలో భాగస్వామి అయ్యారు, 1967లో అమెరికా పౌరసత్వం తీసుకున్నారు. హ్యూస్టన్‌లో వన్ షెల్ ప్లాజా అనే 50 అంతస్తుల కాంక్రీటు భవనం డిజైన్ చేశారు. గొట్టంలో గొట్టం పద్ధతి, తేలికపాటి కాంక్రీటు. పాత పద్ధతిలో 35 అంతస్తులకు అయ్యే రేటుకే 50 అంతస్తులు లేచాయి. 1971లో పూర్తయినప్పుడు కాంక్రీటు భవనాల్లో ప్రపంచంలోకెల్లా ఎత్తైనది అదే.

తర్వాత సియర్స్ టవర్. సియర్స్ అనేది అప్పట్లో అమెరికాలో పెద్ద చిల్లర వ్యాపార సంస్థ. తమ వేలాది ఉద్యోగులకు కింద విశాలమైన అంతస్తులు కావాలన్నారు, పైన అద్దెకిచ్చుకోవడానికి చిన్న అంతస్తులు కావాలన్నారు. ఒకే గొట్టం ఇంత వెడల్పుగా ఉంటే ఒక చిక్కుంది. మూలల్లో పిల్లర్లు భారం మోస్తాయి, గోడ మధ్యలో ఉన్నవి బద్ధకిస్తాయి. తొమ్మిది గొట్టాలను కట్ట కట్టడమే ఖాన్ జవాబు. ఒక్కొక్కటి 75 అడుగుల చతురస్రం, మూడు వరుసల్లో మూడేసి. లోపలి గోడలు కూడా పనిలోకి దిగడంతో బద్ధకం తగ్గింది. రెండు గొట్టాలు 50వ అంతస్తు దగ్గర ఆగిపోతాయి, మరో రెండు 66 దగ్గర, ఇంకో మూడు 90 దగ్గర, చివరి రెండే శిఖరం దాకా వెళ్తాయి. గ్రహమ్ చేతిలో కొన్ని సిగరెట్లు కట్టగా పట్టుకుని ఎత్తు తగ్గించి పెంచి చూపిస్తే ఖాన్‌కు ఈ ఆలోచన నచ్చిందని ఒక కథ చెబుతారు. సిగరెట్ చేసిన మేలు చరిత్రలో బహుశా ఇదొక్కటే. 442 మీటర్లు, 110 అంతస్తులు, చదరపు మీటరుకు 161 కిలోల ఉక్కు. 1973లో శిఖరం పూర్తయింది. 1998లో మలేషియాలో పెట్రోనాస్ టవర్లు వచ్చేదాకా ఆ రికార్డు అలాగే ఉంది. ఇప్పుడు దాని పేరు విల్లిస్ టవర్.

సియర్స్ టవర్ లేస్తున్న ఆ రోజుల్లోనే ఆయన సొంత నేల రగులుతోంది. 1971. తూర్పు పాకిస్తాన్‌లో సైన్యం విరుచుకుపడింది, లక్షలాది జనం సరిహద్దు దాటి భారత్‌కు వచ్చారు. ఇది ఆయనకు తేలికైన సంగతి కాదు. అమెరికా చదువుకు సగం డబ్బు పెట్టింది పాకిస్తాన్ ప్రభుత్వమే, కరాచీలో ఆ ప్రభుత్వ కొలువే చేశారు. ఒకే కలిమా చదివేవాళ్లు ఒకరిపై ఒకరు తుపాకీ ఎత్తిన ఏడాది అది. ఖాన్ మౌనంగా ఉండలేదు. షికాగోలోని బెంగాలీలను కూడగట్టి బంగ్లాదేశ్ ఎమర్జెన్సీ వెల్ఫేర్ అప్పీల్, బంగ్లాదేశ్ డిఫెన్స్ లీగ్ అనే రెండు సంస్థలు స్థాపించారు. ఒకటి బాధితులకు సాయం కోసం, ఇంకొకటి అమెరికా ప్రభుత్వం, నాయకుల దగ్గర వాదన వినిపించడం కోసం. అమెరికా సర్కారు అప్పుడు పాకిస్తాన్ పక్షాన ఉంది. కొత్తగా పౌరసత్వం తీసుకున్న వలస మనిషి ఆ సర్కారు విధానాన్నే తప్పుపట్టడం చిన్న విషయమేమీ కాదు. రవీంద్ర సంగీతం అంటే ఆయనకు ప్రాణం, తానూ పాడేవారు. బెంగాలీ భాష మీద మమకారం చివరిదాకా పోలేదు. 1999లో బంగ్లాదేశ్ ప్రభుత్వం ఆయనకు మరణానంతరం స్వాధీనతా పురస్కారం ఇచ్చింది.

ఇక హజ్ టెర్మినల్. ఒకప్పుడు హాజీలు బొంబాయి నుంచి ఓడల్లో వెళ్లేవారు, రోజుల తరబడి ప్రయాణం. 1970లకు విమానాలు ఎక్కువయ్యాయి. కొన్ని వారాల వ్యవధిలో లక్షల మంది జిద్దాలో దిగడం, మళ్లీ అంతమందీ ఒక్కసారిగా తిరుగు విమానం కోసం రావడం మొదలైంది. ఎన్నో భాషలు, ముసలివాళ్లు, తొలిసారి విమానమెక్కినవాళ్లు, మూటలు, పిల్లలు. వచ్చేటప్పుడు 18 గంటల దాకా, వెళ్లేటప్పుడు 36 గంటల దాకా ఆగాల్సి రావచ్చని లెక్కగట్టారు. ఒకేసారి 80 వేల మందికి చోటు కావాలి. కూర్చోవాలి, పడుకోవాలి, వుజూ చేసుకోవాలి, నమాజు చదువుకోవాలి, వండుకుని తినాలి. అంత చోటును నాలుగు గోడల మధ్య మూసి ఏసీ పెడితే కరెంటు ఖర్చు ఎంతవుతుందో ఊహించుకోవచ్చు. పైగా ఏడాదిలో వాడేది కొన్ని వారాలే.

గోడలే వద్దన్నది ఎస్‌ఓఎం బృందం ఆలోచన. న్యూయార్క్ ఆఫీసు నుంచి ఆర్కిటెక్ట్ గోర్డన్ బన్‌షాఫ్ట్, షికాగో నుంచి ఖాన్ దీనికి నాయకత్వం వహించారు. ఎడారి మనిషికి తరతరాలుగా తెలిసిన గుడారాన్నే తీసుకున్నారు, ప్రతి హాజీ మినాలో ఉండేది కూడా గుడారంలోనే కదా. ఒక్కో గుడారం 45 మీటర్ల చతురస్రం. అలాంటివి 210. మొత్తం నీడ నాలుగు లక్షల చదరపు మీటర్లకు పైనే, అంటే సుమారు 105 ఎకరాలు. 45 మీటర్ల ఎత్తైన ఉక్కు స్తంభాల నుంచి ఇనుప తాళ్లు వేలాడి గుడ్డను పట్టుకుంటాయి. అంచుల్లో గుడ్డ నేల నుంచి 20 మీటర్ల ఎత్తులో ఉంటుంది, మధ్యలో 30 మీటర్లు దాటి పైకి లేస్తుంది. లోపలి గుడారాలు ఒకదాన్నొకటి సమంగా లాగుకుంటాయి కాబట్టి ఒంటి స్తంభం చాలు. చివరి వరుసకు అవతల లాగేవాడు లేడు, అందుకే అక్కడ జంట స్తంభాలు, మూలల్లో నాలుగేసి.

గుడ్డ అంటే మామూలు గుడ్డ కాదు. గాజు దారాలతో నేసి, మీద టెఫ్లాన్ పూసినది. మంటకు అంటుకోదు. ఎండ వేడిని ఎక్కువ భాగం వెనక్కి కొట్టేస్తుంది, కొద్దిగా వెలుతురును మాత్రం లోపలికి రానిస్తుంది. అందుకే పగలు దీపం అవసరం ఉండదు, కళ్లకు చురుక్కుమనదు. ప్రతి గుడారం నడినెత్తిన ఉక్కు ఉంగరం, దాని మధ్య తెరిచిన రంధ్రం. కింద వేడెక్కిన గాలి తేలికై ఆ దారిన పైకి పోతుంది, దాని చోటులోకి పక్కల నుంచి కొత్త గాలి వస్తుంది. ఫ్యాను లేకుండా, మోటారు లేకుండా జరిగే పని ఇది. ఇలా బిగించిన గుడ్డ ఆకారాన్ని పెన్సిల్‌తో నచ్చినట్టు గీయడం కుదరదు. తాడు ఎక్కడ ఎంత లాగితే గుడ్డ ఎక్కడ నిలకడగా నిలుస్తుందో వెతికి పట్టుకోవాలి. ఆ వెతుకులాట చేసిపెట్టింది కంప్యూటరే. గుడారాల నిపుణుడు హోర్స్ట్ బెర్గర్ సంస్థ ఈ లెక్కల్లో పాలు పంచుకుంది. 1981లో టెర్మినల్ తెరుచుకుంది. సియర్స్ టవర్ ఎంత ఎత్తుకు ఎక్కిందో అందరూ చెప్పుకుంటారు. అలసిన హాజీకి నీడ పట్టిన ఈ పని దానికేమాత్రం తీసిపోదు.

ఆ టెర్మినల్‌కు 1983లో ఆగా ఖాన్ ఆర్కిటెక్చర్ అవార్డు వచ్చింది. అది చూడడానికి ఖాన్ లేరు. 1982 మార్చి 27న, పని మీద సౌదీ వెళ్లినప్పుడు జిద్దాలోనే గుండెపోటుతో కన్నుమూశారు. 53వ పుట్టినరోజుకు వారం రోజులు మిగిలి ఉంది. భౌతిక కాయాన్ని షికాగో తీసుకొచ్చి గ్రేస్‌లాండ్ శ్మశానంలో ఖననం చేశారు.

బతికుండగానే గౌరవాలు బాగానే దక్కాయి. 1972లో అమెరికా నిర్మాణ రంగపు ప్రముఖ పత్రిక ఆయన్ను ఆ ఏటి మేటి మనిషిగా ఎంచుకుంది, 1973లో అక్కడి నేషనల్ అకాడమీ ఆఫ్ ఇంజినీరింగ్ సభ్యుడిగా తీసుకుంది. పోయాక సియర్స్ టవర్ పక్క వీధికి ఆయన పేరు పెట్టారు. ఎత్తైన భవనాల అంతర్జాతీయ మండలి ఆయన పేరిట పతకం ఇస్తోంది. 2009లో కైరోలో మాట్లాడుతూ అధ్యక్షుడు ఒబామా అమెరికాలోని ఎత్తైన భవనం ముస్లిం చేతి పనేనని గుర్తు చేశారు, పేరు మాత్రం చెప్పలేదు. దుబాయ్‌లోని బుర్జ్ ఖలీఫాను డిజైన్ చేసింది కూడా ఖాన్ పని చేసిన ఎస్‌ఓఎం సంస్థే.

భార్య లీసెలోటె ఆస్ట్రియాకు చెందినవారు. కూతురు యాస్మిన్ సబీనా ఖాన్ తండ్రి బాటలోనే స్ట్రక్చరల్ ఇంజినీర్ అయ్యారు. తండ్రి పని మీద ఆమె రాసిన పుస్తకం 2004లో వచ్చింది. లెక్కలు అర్థం చేసుకోగల కూతురే రాయడం వల్ల ఆ పుస్తకానికి ఇంజినీర్లలో మంచి విలువ ఉంది.

ఖాన్ చివరి డిజైన్లలో ఒకటి షికాగోలోని ఆంటెరీ సెంటర్. కాంక్రీటు భవనం. హాన్‌కాక్‌లో ఉక్కు కడ్డీలతో చేసిన ఏటవాలు పనిని ఇక్కడ మరోలా చేశారు. కొన్ని కిటికీల చోట్లను వరుసగా కాంక్రీటుతో మూసేస్తే, అవే మెట్లమెట్లుగా కలిసి ఏటవాలు పట్టీలా పని చేస్తాయి. అదనంగా కడ్డీ లేదు, ఉక్కు లేదు. ఆయన పోయిన నాలుగేళ్లకు, 1986లో అది పూర్తయింది. కట్టినవాళ్లు దాన్ని ఆయన స్మృతికే అంకితమిచ్చారు.